నన్నారి సీసాకు ఫ్రెంచి చీటీ

నేను ఫ్రెంచి చదివింది మార్కుల కోసం. మదనపల్లెలో ఇంటర్లో చేరినప్పుడు, సెకండ్ లాంగ్వేజిగా ఫ్రెంచి తీసుకుంటే తొంభై దాటుతాయని ఎవరో చెప్పారు. తీసుకున్నాను, దాటాయి. ఆ తర్వాత మోజు పుట్టి డిగ్రీలోనూ వదల్లేదు. మా నాన్న మారప్ప అయితే నా బిడ్డ ఫారిన్ భాష చదువుతోందని మా ఊరు రామసముద్రమంతా చెప్పుకొని తిరిగాడు. తీరా డిగ్రీ అయ్యాక ఆ భాష ఎవరితో మాట్లాడాలో తెలియక, ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెప్పుకుంటూ ఉండిపోయాను.

అలాంటిది 2003 మే నెలలో పుంగనూరు నుంచి కబురొచ్చింది. అక్కడ నారాయణస్వామి గారికి జ్యూసు ఫ్యాక్టరీ ఉంది. మామిడి, చింతపండు, సుగంధి వేరుతో చేసే నన్నారి పానీయాలను సీసాల్లో పట్టి ఫ్రాన్సుకు పంపాలని ఆయన ఆలోచన. సీసా మెడకు కట్టే చీటీ మీద రుచి గురించి నాలుగు ముక్కలుండాలి. బెంగళూరులో ప్రకటనలు రాసే మనిషి ఎవరో వాటిని ఇంగ్లీషులో రాసిచ్చాడు. నేను ఫ్రెంచిలోకి మార్చాలి. పది రోజుల పని. కొనడానికి వచ్చే ఫ్రెంచామె ఒప్పుకుంటే ఎగుమతుల సెక్షన్లో పర్మనెంటు ఉద్యోగమని, లేకపోతే పదకొండో రోజు రానక్కర్లేదని మేనేజరు దామోదర్ ముందే చెప్పేశాడు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంతగా అంటే, మొదటి రోజు బస్సులో సీటున్నా కుదురుగా కూర్చోలేకపోయాను.

డిక్షనరీ ముందేసుకుంటే మొదటి మాటకే చిక్కొచ్చింది. మామిడి రసం ‘క్రిస్ప్’గా ఉంటుందట. దానికి డిక్షనరీ ఇచ్చిన ఫ్రెంచి మాట కాల్చిన రొట్టె అంచుకు వాడేది. రసం కరకరలాడటానికి అదేమైనా మురుకా? నాకు ఒళ్ళు మండింది. మాటకు మాట వెతకడం మానేశాను. ముందు తాగాలి, నాలుక ఏమంటుందో వినాలి, ఆ తర్వాతే ఫ్రెంచిలో వెతకాలి అనుకున్నాను.

తాగడానికి కొదవ లేదు. ప్రతి బ్యాచ్ రుచి చూసి సరేననే పార్వతమ్మక్క అడిగినప్పుడల్లా గ్లాసు నింపిచ్చేది. ఆమెది ఇరవై ఏళ్ళ అనుభవం. ఐసు వేసిన గ్లాసు జానెడు ఎత్తున పట్టుకొని, పెదవికి తగలకుండా గొంతులో పోసుకొని, తల ఊపడమో ముఖం చిట్లించడమో చేసేది. నేనూ అట్లాగే పోసుకునేదాన్ని. మా ఇళ్ళల్లో అందరం అంతే కదా, గ్లాసు ఎంగిలి చేస్తే చిన్నప్పుడే మొట్టికాయ పడేది.

మామిడి పులుపు దవడల దగ్గర గుచ్చుతుంది. చింతపండు పులుపు నాలుక వెనక్కి పాకుతుంది. బెంగళూరాయన రెండింటికీ ‘ట్యాంగీ’ అని ఒకే మాట పడేశాడు. ఫ్రెంచిలో రెండు వేర్వేరు మాటలు దొరికిన రోజు కుర్చీలోంచి గంతేశాను. ఏమైందోనని దామోదర్ పరుగెత్తుకొచ్చాడు. పులుపు దొరికింది సార్ అంటే, ఈ పిల్లకు ఎండదెబ్బ తగిలినట్టుందని పార్వతమ్మక్కతో చెప్పి వెళ్ళిపోయాడు.

ఆఖరుది నన్నారి. ‘ముందుగా పలకరించేది తొలి వానకు తడిసిన మట్టి వాసన’ అని ఇంగ్లీషు చీటీలో ఉంది. ఆరు గ్లాసులు తాగాను. తీపి ఉంది, చలువ ఉంది, వేరు తాలూకు చిరుచేదు ఉంది. మట్టీ లేదు, వానా లేదు. పార్వతమ్మక్కను అడిగితే ఆమె నవ్వింది.

“ఇరవై ఏండ్లుగా తాగతాండా. వాన ఉంటే నాకు తెలీదామ్మా?”

ఇంకేం, నాకు తిక్క రేగింది. ఏసీ గదిలో కూర్చొని కోసే కోతలకు నేనెందుకు ఫ్రెంచి కట్టాలి? ఆ వాక్యం మొత్తం కొట్టేశాను. ఫ్యాక్టరీలో ఫ్రెంచి వచ్చినవాళ్ళెవరూ లేరు కాబట్టి, ఒక వాక్యం తగ్గిందని ఎవరికీ తెలియలేదు.

ఫ్రెంచామె పేరు క్లేర్. చెన్నై నుంచి రైల్లో వచ్చి కుప్పంలో దిగుతుందని, స్టేషను దగ్గరున్న మా గోడౌనులోనే రుచి చూస్తుందని ఖాయమైంది. పొద్దున్నే నారాయణస్వామి గారు, దామోదర్, పార్వతమ్మక్క, నేను ఐసుపెట్టెతో జీపెక్కాం. గంగవరం దాటేలోపు నా మూడు చీటీలు ముప్పైసార్లు చదువుకున్నాను.

ఆమె మామిడి తాగి, చీటీ చదివి, తల ఊపింది. చింతపండు చీటీ చదివి పైకే నవ్వింది, నాలుక వెనక్కి వేలు పెట్టి చూపించింది కూడా. నా కాళ్ళు నేల మీద లేవు. ఇక నన్నారి. గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ముక్కు అందులోకి దించింది. అలాగే కొంతసేపు ఉండి, మెల్లగా తాగింది. నా చీటీ చదివింది. తర్వాత సంచిలోంచి, దామోదర్ ముందుగా పోస్టులో పంపిన ఇంగ్లీషు చీటీ తీసి పక్కన పెట్టింది.

అందులో వాన మట్టి వాక్యం మీద వేలు ఆపి, ఇది నీ చీటీలో ఏదని నన్ను ఫ్రెంచిలో అడిగింది. ఈ పానీయంలో అన్నిటికంటే గొప్ప సంగతి అదేనంది.

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆమె వేలు ఎక్కడ ఆగిందో చూసి దామోదర్‌కు సంగతి అర్థమైంది.

“టైపులో మిస్సయిందని సెప్పెయ్యమ్మా. యాల అట్ల నిలబడుండావు?” అని గొణిగాడు.

నేను ఆమె గ్లాసునే చూస్తున్నాను. అంచు మీద పెదవుల తడి ఉంది. చప్పున ఇంకో గ్లాసు నింపుకొని, నారాయణస్వామి గారు చూస్తుండగానే అంచుకు మూతి ఆనించాను. ముక్కు గ్లాసులోకి దిగింది. చుక్క నాలుకను తాకకముందే వాసన కమ్ముకొచ్చింది. దుక్కి దున్నిన వేరుశెనగ చేలో తొలి చినుకులు పడితే వచ్చే వాసన. నా ఒళ్ళు పులకరించింది.

“సార్, వాన ఉండాది సార్, నిజంగానే ఉండాది. నాకు దొరకలేదని ఆ మాట నేనే కొట్టేసినా” అన్నాను.

ఆ తర్వాత క్లేర్ వైపు తిరిగి, వచ్చీరాని ఫ్రెంచిలో ఉన్నదంతా చెప్పేశాను. మేము ఎత్తి పోసుకుంటాం, మా ముక్కు గ్లాసు బయటే ఉండిపోతుంది, నాకు దొరకలేదు కాబట్టి అబద్ధమనుకొని నేనే కొట్టేశాను, తప్పు నాదే అన్నాను.

దొరకలేదని సరుకును అమ్మిపెట్టే వాక్యాన్నే తీసేశావా అని ఆమె అడిగింది. అవునన్నాను. మరి మిగతావి? మిగతా ప్రతి మాటా నా నాలుక మీద దొరికాకే రాశానన్నాను. ఆమె నా చీటీలు మూడూ దగ్గరికి లాక్కొని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆ పక్కన పార్వతమ్మక్క గోడవైపు తిరిగి, గ్లాసుకు మూతి పెట్టి, కదలకుండా నిలబడిపోయింది.

చివరికి క్లేర్ గబగబా చాలాసేపు మాట్లాడింది. ఆమె ఆపేసరికి నా చెవులు వేడెక్కి ఉన్నాయి.

“ఆయమ్మ ఏమంటాండాది?” అన్నారు నారాయణస్వామి గారు.

ఇంత కష్టమైన తర్జుమా నేను అప్పటిదాకా చేయలేదు.

“మూడూ కొంటాదంట సార్. చీటీలు మాత్రం నేనే రాయాలంట. ఇంకెవురు రాసినా వద్దంట.”

దామోదర్ నన్ను ఎగాదిగా చూశాడు. ఆమె నిజంగా అట్లనే అనిందా, లేక ఈ పిల్లే కలుపుకునిందా సార్ అని ఆయన చెవిలో అన్నాడు. నాకు వినబడింది.

నారాయణస్వామి గారు ఇంగ్లీషు చీటీ చేతిలోకి తీసుకొని, తనకు రాని ఫ్రెంచి చీటీ పక్కన పెట్టి చూశారు.

“దొరకని మాటను కోసేసే పిల్ల, లేని మాట కలపదులేప్పా. సోమవారం నుంచి రమ్మను.”