నిద్ర పూసలు

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఈ తాతని చూస్తే ఆ సామెతలో రెండో సగం ఆయన కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ముప్ఫై అయిదేళ్ళుగా ఆయన బేకరీలో పిండి కలుపుతున్నాడు. అందరూ దుప్పటి ముసుగులో ఉండగానే లేచి పొయ్యి రాజేస్తాడు, తెల్లారేసరికి అరల నిండా బ్రెడ్డు పేర్చేస్తాడు. ఇక ఆ తర్వాత రోజంతా ఆయనకి సగం మెలకువ, సగం కల. కిటికీలోంచి నేల మీద పడే ఎండ కూడా ఎవరో పిండి జల్లినట్టే కనిపిస్తుంది.

ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి జపమాల చెప్పుకుంటారు. యేసు, మరియమ్మల జీవితంలోంచి అయిదు ఘట్టాలు, వాటినే రహస్యాలంటారు; రహస్యానికి పది పూసలు, పూసకో మంగళవార్త జపం. మొదటి రహస్యం తాతే చెప్పించేవాడు. ఎందుకంటే మూడోది దాటాక ఆయన్ని మెలకువగా చూసినవాళ్ళు లేరు. మోకాళ్ళ మీదే ఉండి, గోడకి భుజం ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. మిగిలినవన్నీ ఆయన భార్య చెప్పించేది. ఒక్కో రహస్యానికి ముందు కూతురికి చిన్న పాఠం చెప్పేది. ఆవిడ గొంతు ఆయన నిద్రలోకి పక్కగదిలో నీళ్ళు పారుతున్నట్టు వచ్చేది. మాటలు మాత్రం అందేవి కావు.

ఒక్కరోజైనా ఆవిడ ఆయన్ని తట్టి లేపలేదు. ఈ మొద్దుకి చదువెందుకని వదిలేసిందని ఆయన లోలోపల అనుకునేవాడు. ఎన్నోసార్లు అడుగుదామనుకుని అడగలేకపోయాడు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు, పోయి ఏడాదయింది.

కూతురు ఆసుపత్రిలో నర్సు, సోమవారం తప్ప వారమంతా సాయంత్రం డ్యూటీ. మనవరాలికి ఎనిమిదేళ్ళు. నోరు మూతపడదు కాబట్టి అందరూ పిచ్చుక అంటారు. మూడు వారాల్లో ఆ పిల్ల మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే గుడిలో పూజప్పుడు ఇచ్చే పవిత్రమైన అప్పం, తీసుకోవాలి; ఆ లోపు జపాలన్నీ నేర్చుకోవాలి. ఇంట్లో పాఠం చెప్పే పని తాత మీద పడింది. "నాకేం వచ్చని?" అని ఆయన గునిశాడు కానీ, లోపల మహా మురిసిపోయాడు.

ఆ మురిపెం ఆదివారం దాకా నిలిచింది. పూజ అయ్యాక గుడి వెనక హాల్లో పిల్లలకి జ్ఞానోపదేశం క్లాసు జరుగుతోంది. పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చి తాత గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జపమాలలో ఎన్ని రహస్యాలని పాఠం చెప్పే మఠం సిస్టర్‌గారు అడగ్గానే పిచ్చుక చెయ్యెత్తింది.

"మూడు సిస్టర్! మిగతా పూసలు నిద్రకి!"

హాలు గొల్లుమంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మా తాతయ్య."

తాతకి తల కొట్టేసినట్టయింది. కిందటి వారం మూడో రహస్యం దగ్గర పిల్ల ఆయన మోచెయ్యి లాగి, మిగతా పూసలు ఎందుకని అడిగింది. అప్పటికే కళ్ళు మూతలు పడుతున్నాయి. "అవి నిద్రపోవడానికమ్మా," అన్నాడు. పిల్ల దాన్ని సువార్తలా నమ్మి నోట్సులో రాసుకుంది.

క్లాసయ్యాక సిస్టర్‌గారు ఆయన దగ్గరికొచ్చింది. నవ్వాపుకుంటోంది కానీ మాట మాత్రం గట్టిగానే అంది. "తాతగారూ, ఇంట్లో పాఠం ఇలా సాగితే పాపని వచ్చే ఏడాదికి ఆపాల్సొస్తుంది. పోనీ నేనే పిలిపించుకుని చెప్పనా?"

"నాకు తాతయ్యే చెప్పాలి," అంది పిచ్చుక, ఆయన చొక్కా పట్టుకుని.

తాత పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "నేనే చెప్తానండీ. ముందు నాకు చెప్పండి."

మొక్కై వంగనిది మానై వంగునా అని అడిగేవాళ్ళకి ఏం తెలుసు? వంగడం తర్వాత సంగతి, ముందు ఆ పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టాలి! తాత అడ్డంగా కూర్చున్నాడు. సోమవారాలు చెప్పుకునే సంతోష రహస్యాల్లో అయిదోది సిస్టర్‌గారు ఆయనకి విడిగా చెప్పింది. పన్నెండేళ్ళ యేసు తప్పిపోయాడు. అమ్మానాన్నా మూడు రోజులు వెతికారు. చివరికి దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని, వాళ్ళు చెప్పేది వింటూ, ప్రశ్నలడుగుతూ కనిపించాడు.

"ఆ మూడు రోజులూ వాళ్ళమ్మ నిద్రపోయిందంటారా?" అని అడిగాడు తాత.

సిస్టర్‌గారు తల అడ్డంగా ఊపింది. "పోయుండదు తాతగారూ."

మర్నాడు సోమవారం, కూతురికి సెలవు. తాత బేకరీ నుంచి ఒక పిండిముద్ద తెచ్చుకున్నాడు. పిండిలో చేతులుంటే ఆయనకి నిద్ర రాదు, అదొక్కటే ఆయనకి తెలిసిన మందు. సరిగ్గా ఏడింటికి వంటింటి బల్ల ముందు నిలబడి పిసకడం మొదలుపెట్టాడు. ఆయన తరఫున పిచ్చుక జపమాల పట్టుకుని పూసలు జరుపుతోంది.

మూడో రహస్యం అయిపోయింది. నిద్ర గోరువెచ్చగా మెడ మీదికి ఎక్కుతోంది. ఆయన పిండిని ఇంకా గట్టిగా నొక్కాడు. నాలుగోది మొదలైంది. కూతురి గొంతులో ఒక్కో మాటా విడిగా, స్పష్టంగా వినిపిస్తోంది. ఇన్నేళ్ళూ తనింట్లోనే తాను తలుపు తియ్యని గది ఒకటుందనీ, ఇప్పుడు అందులో నడుస్తున్నాననీ అనిపించింది. గదిలో దీపం వెలుగుతూనే ఉంది.

అయిదోది మొదలుపెట్టబోయి కూతురు ఆగింది.

"ఏమ్మా, ఆగావు?"

"ఇక్కడ అమ్మ ఒక మాట అనేది నాన్నా."

"ఏమని?"

"'ఇది మీ నాన్న వంతు. ఆ చేతులు మనకోసం అలిసిపోయాయి. ఆయన బదులు మనం చెబుదాం,' అనేది."

తాత చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "ఎప్పుడన్నా అనేదా?"

"రోజూ అనేది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ. నేను అలిగి పడుకున్న రోజు ఒక్కతే కూర్చుని చెప్పేది. నిన్ను లేపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేది."

ఆవిడ తనని వదిలెయ్యలేదు. అది తెలియగానే ఆయనకి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆవిడ ఉండగా ఒక్కసారి, ఒక్క సాయంత్రం మెలకువగా ఉంటే సరిపోయేది కదా అనుకున్నాడు.

పిచ్చుక పూస మీద వేలు పెట్టి మెల్లగా అడిగింది. "తాతయ్యా, నీ బదులు నేను చెప్పనా?"

"వద్దమ్మా," అన్నాడు ఆయన, పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ. "నా వంతు నేనే చెప్తాను. నువ్వు విని నేర్చుకో."