ఒకవైపు గుర్తులు

బల్దిరి రంగు డబ్బాలో పుల్ల పెట్టి తిప్పుతున్నాడు. పావుగంట నుంచీ అదే పని. తెలుపు ఎప్పుడో కలిసిపోయింది. పసుపూ కలిసిపోయింది. అయినా తెలుపు డబ్బా మళ్ళీ ముందుకు లాక్కుని అడుగు నుంచి కలపడం మొదలుపెట్టాడు. డిసెంబరు పొద్దు సముద్రం మీంచి ఇంకా పూర్తిగా లేవలేదు. కొండచర్చి మెట్టు రాయి చల్లదనం ప్యాంటులోంచి ఎముకల దాకా వస్తోంది.

అస్సుంప్త కాఫీ గిన్నెతో బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చర్చి తాళాలూ, కోళ్ళూ, వచ్చేపోయేవాళ్ళకి ఇంత రొట్టే పులుసూ చూసుకుంటూ నలభై ఏళ్ళుగా ఆ కొండ మీదే ఉంటోంది. కింద ఊళ్ళో సగం మందికి ఆమె అత్తే.

"ఆ తిప్పుడేంట్రా, వెల్లుల్లీ నూనే నూరుతున్నావా? ఆపితే విరిగిపోతుందా?"

"పాత రంగు అత్తా. అడుగున గడ్డకట్టింది."

"నిన్ననే కొత్త డబ్బా మూత తీశావు, నేను చూళ్ళేదనుకున్నావా? తాగు, చల్లారిపోతుంది."

అతను గిన్నె అందుకున్నాడు. రెండు చేతులూ గిన్నెకి చుట్టి పట్టుకున్నాడు. పొట్టి మనిషి, యాభై మూడేళ్ళు. సున్నం, సిమెంటు తిని పగిలిన వేళ్ళు. పురపాలక సంఘం వాళ్ళిచ్చిన నారింజరంగు కోటు భుజాల దగ్గర వెలిసిపోయింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఊరి కాలువలు తీసిందీ, బెంచీలు బిగించిందీ, చెత్తకుండీలకి మూతలు పెట్టిందీ ఇతనే. ఏడాదికోసారి, క్రిస్మస్ ముందు, గ్రాల్లా కొండదారి గుర్తులకి రంగు వేసేదీ ఇతనే. తెల్లగీత, దాని కింద పసుపుగీత.

జేబులో ఫోను మోగింది. కిర్జ. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు పనుల విభాగంలో పై అధికారి. పర్వతారోహకుల సంఘానికి కార్యదర్శి కూడా.

"ఏరా, లేచావా? బస్సులు తొమ్మిదిన్నరకి బయల్దేరతాయి. తొంభై రెండు మంది! మా అత్తగారు కూడా వస్తానంది. బాలయేసు బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది, ఎవరికీ ఇవ్వదట."

"గాలి వస్తుందేమో కిర్జా."

"మధ్యాహ్నం దాకా రాదన్నారులే. గుర్తులు రెండువైపులా ఉన్నాయిగా?"

బల్దిరి రంగు డబ్బా వైపు చూశాడు.

"ఉన్నాయి."

పంతొమ్మిదేళ్ళుగా ఇదే జవాబు. కాగితం మీద కూడా ఇదే రాసి సంతకం పెట్టాడు, ప్రతి డిసెంబరులోనూ.

ఏటా ఈ రోజున పర్వతారోహకుల సంఘంవాళ్ళు యేసు పుట్టుక చూపే చిన్న మట్టిబొమ్మల కొలువును శిఖరానికి మోసుకెళ్ళి రాతి చీలికలో పెట్టి వస్తారు. ఎప్పుడూ ఊరివైపు నుంచి ఎక్కి, శిఖరం చూసుకుని, చరియ అంచు మీదుగా ఈ చర్చి దగ్గరికి దిగి, బస్సులో ఇంటికి పోతారు. ఈ శరదృతువు వానలకి ఊరివైపు దారి కొట్టుకుపోయింది. అందుకని ఈసారి చర్చి దగ్గరే బస్సు దిగి, అటు నుంచి ఇటు కాకుండా ఇటు నుంచి అటు వెళ్ళాలి, మళ్ళీ అదే దారిన రావాలి.

ఇటు నుంచి అటు వెళ్ళేవాడి కంటికి ఆ అంచు మీద ఒక్క గుర్తు కూడా లేదు. ఆ సంగతి లోకంలో బల్దిరికొక్కడికే తెలుసు.

గ్రాల్లా పెద్ద శిఖరమేం కాదు. ఆరువందల మీటర్లు కూడా ఉండదు. ఊళ్ళోవాళ్ళు రొట్టెల దుకాణానికి వెళ్ళినట్టు వెళ్ళొస్తారు. చర్చి వైపు అంచు మీద రెండువందల అడుగులు మాత్రం ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క ఏమీ లేదు. కింద, చాలా కింద, సముద్రం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంతకుముందు ఆ పని చేసిన ముసలి నర్సీస్ అతనికి దగ్గరుండి నేర్పాడు. ఒక రాయికి రంగు వేశాక వెనక్కి తిరిగి, ఎదురుగా వచ్చేవాడికి కనబడేట్టు రెండో ముఖానికీ వెయ్యాలి. ఏడేళ్ళు అలాగే వేశాడు. ఎనిమిదో ఏడు, గాలి లేదు, మంచు లేదు, అద్దంలాంటి రోజు, అంచు మధ్యలో వెనక్కి తిరగబోయాడు. తిరగలేకపోయాడు. ఏమీ జరగలేదు. కాలు జారలేదు, రాయి కదల్లేదు. సముద్రం కింద నుంచి చొక్కా పట్టుకుని లాగుతున్నట్టయింది, అంతే. గోడకి బుగ్గ ఆనించి రెండు గంటలు కూర్చుండిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ తిరగలేదు. కళ్ళు గోడకి అతికించి, ఒక్కవైపే గీతలు గీసుకుంటూ, చెమటతో తడిసి చర్చి దగ్గర తేలేవాడు. వెనకవైపు గీతల్ని ఉప్పుగాలి ఒక్కొక్కటిగా నాకేసింది.

భార్య రెమేయ్‌కి కూడా చెప్పలేదు. నెత్తళ్ళకి ఉప్పు పెట్టే షెడ్డులో ఆమె రోజూ వందమందితో మాట్లాడుతుంది. నడక రాగానే పిల్లల్ని కొండెక్కించే ఊళ్ళో, కొండదారి చూసుకునేవాడికి కొండంటే భయం అని ఎలా చెప్పడం?

రెండేళ్ళ కిందట ఓ పరదేశి జంట ఇటు నుంచి అటు వెళ్ళారు. అంచు మధ్యలో రాయి చుట్టూ దారి సన్నగా ఎడమకి తిరుగుతుంది. సరిగ్గా అక్కడే కుడివైపు, వెడల్పుగా, చూడ్డానికి అసలుదారిలాగే మేకల బాట ఒకటి కిందికి దిగుతుంది. ముప్ఫై అడుగులు దిగి గాల్లో ఆగిపోతుంది. వాళ్ళు అందులో దిగి, సాయంత్రం హెలికాప్టరు వచ్చేదాకా ఒకరినొకరు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. "గుర్తులు ఉన్నవి, వారు గమనించలేదు" అని నివేదికలో రాశారు. బల్దిరి సంతకం చూసే రాశారు. ఆ చలికాలమంతా అతనికి అన్నం సయించలేదు.

గిన్నె మెట్టు మీద పెట్టి లేచాడు.

మొదటి రాయి దాకా నిలబడే వెళ్ళాడు. రెండోదాని దగ్గర గాలి మొదలైంది. మధ్యాహ్నం దాకా రాదన్న గాలి. ఉత్తరాన కొండల మీంచి ముందు ఈల వచ్చింది, తర్వాత తోపుడు. ఆకాశం మాత్రం కడిగినట్టు నీలంగా ఉంది. ఈ గాలి అంతే, ఎండని ఏమీ అనదు, మనిషినే అంటుంది. ఎన్నడూ లేనిది, గోడ ఎడమవైపుంది, సముద్రం కుడివైపుంది, కుంచె పట్టిన చెయ్యి అటువైపుంది. బల్దిరి మోకాళ్ళ మీదికి దిగాడు. దిగాక మళ్ళీ లేవలేకపోయాడు. డబ్బాలు మెడకి తగిలించుకుని పాకుతూ వెళ్ళాడు. ఇనుప బ్రష్షుతో నాచు గీకడం, గుడ్డతో తుడవడం, తెల్లగీత, పసుపుగీత. నోట్లో ఇనుము రుచి తగిలింది. ఊపిరి వదలడం మర్చిపోతున్నాడు. గాలికి రంగు చుక్కలు లేచి మొహాన పడుతున్నాయి. కన్నీళ్ళు కారుతున్నాయి, అది గాలి వల్లో మరి దేని వల్లో అతనికే తెలీదు.

మేకల బాట దగ్గరికి వచ్చేసరికి వెనక చర్చి గంట మోగింది. బస్సులు వచ్చేశాయి.

గోడ మీద గుర్తు వేశాడు. అది చాలదు. ఇటు కాదు అని చెప్పే అడ్డగీతల గుర్తు మేకల బాట మొదట్లో ఉన్న రాయి మీద వెయ్యాలి. ఆ రాయి మూడడుగులు దిగువన, సముద్రం వైపుంది. బల్దిరి బోర్లా పడుకున్నాడు. ఒక చెయ్యి చాపాడు. అందలేదు. గోడ వదలాలి. చేతివేళ్ళు గోడని వదలనన్నాయి. వదలండి అని పైకే అన్నాడు. అవి వదల్లేదు.

పాట వినబడింది. వాళ్ళు పాడుకుంటూ బయల్దేరారు.

"ఏం పోగొట్టుకున్నావురా, నేలంతా వెతుకుతున్నావు?"

అస్సుంప్త. అందరికంటే ముందొచ్చింది. ఏప్రను గాలికి జెండాలా కొట్టుకుంటోంది. ఆమె అతని మొహం చూసింది, గోడకి అంటుకున్న చెయ్యి చూసింది, దిగువ రాయి చూసింది. చరచరా నడిచి అతనికీ సముద్రానికీ మధ్యన గొంతుక్కూర్చుంది.

"నన్ను చూడు. నీళ్ళని కాదు, నన్ను చూడు."

"అత్తా, నేను పంతొమ్మిదేళ్ళుగా..."

"తర్వాత చెబుదువుగాని. మా ఆయన ఇరవై ఏళ్ళు నా గౌను పట్టుకునే ఈ అంచు దాటాడు. కళ్ళు మూసుకుని. ఊళ్ళోవాళ్ళంతా ఎంత ప్రేమో అనుకున్నారు."

బల్దిరికి నవ్వు రాలేదు. వేళ్ళు మాత్రం గోడని వదిలాయి. ఆమె మోకాలు పట్టుకుని కిందికి జారాడు. డబ్బా ఒరిగి పసుపు ఎడమచేతి నిండా పడింది. ఒక గీత. దాని మీద అడ్డంగా ఇంకో గీత. వంకరగా వచ్చింది. చాలు. వెనక్కి పాకి గోడకి ఆ పసుపు చెయ్యే ఆనించి, వాంతి చేసుకున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి మొహం పక్కకి తిప్పుకుంది.

గుంపు రాగానే గాలి ఉన్న బలాన్నంతా ఒక్కసారి విసిరింది. పాట ఆగిపోయింది. తొంభై రెండు మందీ నడుములు వంచారు, టోపీలు పట్టుకున్నారు, తలలు దించారు. ముందు నడుస్తున్న కిర్జ గోడ మీది గీతలు చూసి అరిచాడు.

"ఇంత కిందకా వేసేది? ఎవరి కోసంరా, కుక్కల కోసమా?"

అంతలో గాలి తోసింది. కిర్జ నాలుగు కాళ్ళ మీద పడ్డాడు. అతని ముక్కుకి జానెడు దూరంలో పసుపుగీత ఉంది. దాన్ని చూసుకుంటూ ఎడమకి తిరిగాడు. అతని వెనక వాళ్ళ అత్తగారు, బాలయేసు బొమ్మని కోటులో దాచుకుని, నేల చూపులతో, ఎడమకే తిరిగింది. ఆమె వెనక అందరూ. మేకల బాటలో ఒక్క కాలూ పడలేదు. బల్దిరి అందరి వెనకా పాకుతూనే పైకి చేరాడు.

శిఖరం మీద రాతిచాటున గాలి తక్కువ. చీలికలో బొమ్మలు పెట్టారు. గొర్రెలూ, కాపరీ, ఓ మూల ప్యాంటు విప్పుకుని దొడ్డికి కూర్చున్న బొమ్మా. అది లేకపోతే ఆ ఊళ్ళో కొలువు కాదు. ద్రాక్షసారా సీసా చేతులు మారింది.

"నీకు బొమ్మ కూడా చేశార్రా!" కిర్జ ఆ మూల చూపించాడు. "మొహం అలా పాలిపోయిందేం?"

"కిర్జా, పంతొమ్మిదేళ్ళు ఒకవైపే వేశాను. రెండువైపులా అని సంతకం పెట్టాను. ఆ పరదేశుల సంగతి నాదే తప్పు. భయం."

"ఏం భయం?"

"ఇదే. ఇక్కడ నిలబడ్డం."

కిర్జ నవ్వబోయాడు. సీసా మూత బిగించాడు, మళ్ళీ తీశాడు. "నివేదిక మార్చాలి," అన్నాడు చివరికి. "నా పేరూ ఉంది అందులో."

"మార్చు. నేనే వచ్చి చెబుతాను. కొండకి మాత్రం ఇంక రాను."

"మరెక్కడ చేస్తావు?"

"రేవు ఊడుస్తాను. సమంగా ఉంటుందక్కడ."

కిర్జ చెయ్యి చాపాడు. బల్దిరి మెళ్ళోంచి డబ్బాలు తీసి ఇచ్చాడు. ఇచ్చాక మెడ తేలికై, ఇంకా భయం వేసింది, వెళ్ళాల్సింది మళ్ళీ ఆ దారినే కనక. అందరూ దిగేదాకా ఆగాడు. అస్సుంప్త ముందు నడిచింది. అతను ఆమె ఏప్రను ముడి రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెనక నడిచాడు. చర్చి ముందు బస్సు తలుపు మూసుకున్నాకే కళ్ళు తెరిచాడు.

అంచు మీద గాలి ఒక్కటే మిగిలింది. మేకల బాట మలుపులో, గోడ మీద మోకాలెత్తున తెల్లగీత, దాని కింద పసుపుగీత, ఆ పక్కనే ఇంకా ఆరని పసుపురంగు ఎడమ అరచేయి, వేళ్ళన్నీ విడదీసుకుని రాతిని పట్టుకుని.