దీవెనమ్మ బండి మోత

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో చేపల బాక్సులకు ఐసు పోయించి, పాత పికప్‌లోకి ఎక్కించి, సీతమ్మధార అపార్ట్‌మెంట్లు నిద్రలేచేసరికి వాటి ముందు హారన్ కొట్టడం దీవెనమ్మ పని. బండి రాకముందు తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగింది. మెడ పూసలు అరిగిపోయాయని డాక్టరు చెప్పాక, నలభై దాటిన వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. అప్పుడు నవ్విన వాళ్లందరూ ఇప్పుడు పురిటినొప్పులొస్తే ఆమె బండే ఎక్కుతారు.

ఆ వానల్లో బండి ఫ్యాను మోత మొదలుపెట్టింది. ఇంజన్ చల్లబరిచే ఆ ఫ్యాను స్టార్ట్ చేసింది మొదలు హోరుమంటూనే ఉంది. పై అంతస్తుల వాళ్లు బాల్కనీల్లోంచి తిడుతున్నారు.

దీవెనమ్మకు కోపం వస్తే చుట్టుపక్కల వస్తువులు వేడెక్కుతాయి. పుట్టినప్పటి నుంచీ అంతే. ఆమె ఉండే జ్ఞానాపురంలో అది అందరికీ తెలుసు. ఆమె కోపంగా ఉందని తెలిస్తే చాలు, పక్కింటి అప్పాయమ్మ వడియాల పళ్లెం తెచ్చి ఆమె పిట్టగోడ మీద పెడుతుంది. గ్యాసు అయిపోయినావిడ పాలగిన్నె పట్టుకొస్తుంది. ఈ ముసురులో వీధి వీధంతా తడిబట్టలు తెచ్చి ఆమె వరండాలోనే ఆరేసుకుంది. ఆరినవి మడతపెట్టుకుని పోయారే తప్ప, ఇంతకీ నీకు కోపం ఎందుకని ఒక్కరు అడిగితే ఒట్టు. సిగ్గులేని జనం.

కోపానికి కారణం ఆమె మొగుడు సుందర్ రాజ్. పోర్టులో కాంట్రాక్టు పని అతనిది. తమ్ముడు బెన్సన్ టాక్సీ తిప్పుతానంటే, ఆ కారు కోసం పికప్‌ని అమ్మేస్తానని పరవాడ గంగాధరరావుకు మాటిచ్చేశాడు. బండి అతని పేరున ఉంది. నడిపేది ఆమె. ఆ సంగతి ఆమెకు అప్పాయమ్మ చెబితే తెలిసింది. బండి పోతే మళ్లీ తట్టే.

అదీ చాలక, "ఆ మోత వింటే గంగాధరరావు కొనడు. మెకానిక్ గవర్రాజు షెడ్డుకి తీసుకెళ్లి బేగి బాగుసేయించు," అన్నాడు. ఆ మాటకి అతని కంచంలో చారు మళ్లీ కాగింది.

గవర్రాజు బానెట్ ఎత్తాడు. ఇంజన్ ఆపించి, ఫ్యాను రెక్క పట్టుకుని ఊపి చూశాడు. ఊగలేదు. అంటే వాటర్ పంపు బేరింగ్ బాగానే ఉంది. రెక్కలు పగల్లేదు, దేనికీ రాసుకోవడం లేదు. బెల్టు గట్టిగానే ఉంది.

"అయితే ఫ్యాను క్లచ్చే. ఫ్యాను మధ్యలో ఉంది సూడమ్మా, దీనికి సల్లగాలి తగిల్తే జారిపోద్ది, ఫ్యాను నెమ్మదిగా తిరుగుద్ది. వేడిగాలి తగిల్తే బిగుసుకుంటది, అప్పుడీ మోత వత్తది. కానీ ఇంజన్ సూత్తే సల్లగా ఉంది. మరి దీనికి వేడి ఎక్కడిది?"

"మార్సేత్తావా అన్నా?"

"ఉండు. నువ్వెళ్లి రెండు టీలు తే."

ఆమె రోడ్డు దాటగానే గవర్రాజు బండి స్టార్ట్ చేశాడు. ఫ్యాను మెత్తగా తిరిగింది. ఆమె టీ గ్లాసులతో వెనక్కి వస్తుంటే అడుగు అడుగుకీ మోత పెరిగింది. గవర్రాజు ఆశ్చర్యపోలేదు. ఆమె చేతిలో టీ కుతకుతా ఉడుకుతుంటే గుడ్డ అడ్డం పెట్టి గ్లాసు అందుకున్నాడు.

"ఫ్యాను మంచిదేనమ్మా. వేడి నీది." గ్లాసు కింద పెట్టి అడిగాడు. "ఏటయింది? ఎవులి మీద కోపం?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట అది.

"నన్నడగనేదన్నా," అంది దీవెనమ్మ. "నా మెడ ఇరగ్గొట్టుకుని సంపాయించిన బండి. అమ్ముతాడంట. అమ్మడానికి నన్నే బాగుసేయించుకు రమ్మన్నాడు!"

గవర్రాజు చేతిలో స్పానరు చురుక్కుమంది. దాన్ని వదిలేసి సుందర్ రాజ్‌కి ఫోన్ చేశాడు. "బావా, బండికేటీ నేదు, నీ పెళ్లాం దగ్గర నేకపోతే ఫ్యాను మోగదు. ఆమెకి కోపం ఎందుకొచ్చిందో అడుగు. మోత అదే తగ్గుద్ది."

విన్న మొగుడు అడిగాడా? అడగలేదు. ఆమె దగ్గర లేకపోతే ఫ్యాను మోగదన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాడు. ఆదివారం ఆరాధన వేళకే గంగాధరరావును రమ్మని, కడుపునొప్పని చెప్పి ఇంట్లో ఉండిపోయాడు.

చర్చిలో రెండో పాట మధ్యలో దీవెనమ్మకు గుర్తొచ్చింది, ఆ కడుపునొప్పి మనిషి పొద్దున్న చేపల పులుసు రెండోసారి వేయించుకున్నాడని. బైబిలు మూసి లేచింది.

వీధిలో గంగాధరరావు ఇంజన్ దగ్గర చెవిపెట్టి, "బాగుందయ్యా, సప్పుడే నేదు," అంటున్నాడు. సుందర్ రాజ్ ఇంజన్ ఆపి తాళం అందించబోతున్నాడు. దీవెనమ్మ మలుపు తిరిగింది. పిట్టగోడ మీద వడియాలు చిటపటలాడాయి. సుందర్ రాజ్ కెవ్వుమని తాళం విసిరేశాడు. ఆమె వంగి తీసుకుంది. ఆమె చేతికి అది చల్లగానే ఉంది. ఎక్కి కూర్చుని స్టార్ట్ చేస్తే ఫ్యాను హోరుకి గంగాధరరావు చెవులు మూసుకుని తన కారు వైపు నడిచాడు.

"ఏటే నీకింత కోపం?" అని అరిచాడు సుందర్ రాజ్, అరచెయ్యి ఊదుకుంటూ.

తిట్టుగానే అయినా, అడిగాడు.

"నన్నడక్కుండా నా బతుకు అమ్మేత్తన్నావ్!" అంది దీవెనమ్మ. "ఇంకోడెవడైనా ఈ బండి ముట్టుకోనీ, సూత్తాను."

అప్పాయమ్మ వచ్చి పళ్లెం తీసుకుని తల దించుకుని పోయింది.

మర్నాడు హార్బర్‌లో ఐసు బాక్సులు సుందర్ రాజ్ ఎత్తాడు. అరచేతిలో తాళం ఆకారం పొక్కి ఉంది, ప్రతి బాక్సుకీ మండింది. ఆమె చూసింది, అయ్యో అనలేదు. సీతమ్మధార దారిలో పక్కసీట్లో కూర్చున్నాడు. ఫ్యాను హోరు మీద ఏమన్నా వినపడాలంటే అరవాల్సిందే.

"బండి నీ పేరున రాయించమంటావా?" అని అరిచాడు.

దీవెనమ్మ గేరు మార్చింది. ఫ్యాను మోత కొంచెం తగ్గింది, పక్కమనిషి మాట వినపడేంత మాత్రం.

"ఇంకా అడుగు," అంది.