వెనకాల బంతి చప్పుడు

గేలిక్ ఫుట్‌బాల్ ఐర్లాండ్ వాళ్ల ఆట. అమెరికాలో, చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల నైనికకు అది ఎలా అంటుకుందని అందరూ అడిగేవారు. ఒక ఆదివారం జట్టులో ఒక మనిషి తక్కువైందని కాలేజీ రూమ్‌మేట్ మేవ్ లాక్కుపోయింది, అంతే. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. పట్టుకుని పరుగెత్తేవాళ్లు మాత్రం కొద్ది అడుగులకోసారి దాన్ని నేలకు కొట్టాలి, లేదా కాలితో చేతిలోకి ఎగరేసుకోవాలి.

మొదటి సీజన్‌లో నైనిక అంతంతమాత్రం ఆటగత్తె. రెండో ఏడు జూన్‌లో, చికాగోకి దక్షిణాన ఉన్న మైదానంలో, బంతితో గోల్ వైపు ఒంటరిగా దూసుకుపోతోంది. వెనకాల దబ్‌మని బంతి నేలకు తగిలిన చప్పుడు. ఆ వెంటే అడుగులు. మళ్లీ దబ్.

మైదానంలో ఉన్నది ఒక్కటే బంతి. అది ఆమె చేతుల్లో ఉంది.

ప్రాణభయంతో పరుగెత్తి గోల్ కొట్టింది. తిరిగి చూస్తే దగ్గరలో ఎవరూ లేరు.

ఆనాటి నుంచి బంతి అందిన ప్రతిసారీ ఆ చప్పుడు వెంటపడేది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేది, దగ్గరయ్యేది కాదు, వెనకబడేదీ కాదు. మూడేళ్లు నగరంలో ఆమె కంటే ఎక్కువ స్కోర్ చేసినవాళ్లు లేరు. ఇలాంటి వేగం ఎక్కడా చూడలేదని కోచ్ అనేవాడు. నైనిక తండ్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన పేరు యోగానంద్, గుండె డాక్టరు.

"అడ్రినలిన్ అమ్మా. నీ హార్ట్‌బీటే నీకు వినిపిస్తోంది," అన్నాడాయన డ్రైవ్ చేస్తూ.

"హార్ట్ గడ్డి మీద బౌన్స్ అవుతుందా, నాన్నా?"



సెమీఫైనల్ నాడు వాన. మలుపు తిరగబోయి నైనిక జారిపడింది. మోకాలి లోపల ఏదో తెగింది. వెనకాల అడుగులు వచ్చి ఆమె పక్కనే ఆగాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. చల్లటి, తడి చెయ్యి ఒకటి ఆమె ఎడమ చేతిని పట్టుకుని లేపి నిలబెట్టింది. కళ్లు తెరిచేసరికి మేవ్ ఇంకా దూరం నుంచి పరుగెత్తుకుంటూ వస్తోంది.

యోగానంద్ ఆ ఆటను ఫోన్‌లో తీశాడు. ఆసుపత్రిలో మళ్లీ మళ్లీ చూశాడు. వానలో కూతురి ఎడమ చెయ్యి గాలిలోకి లేచింది, దాని వెనకే ఒళ్లంతా లేచింది. కాలు మాత్రం కింద వేలాడుతోంది.

"ఆ కాలితో నువ్వు నిలబడలేవు," అన్నాడాయన మెల్లగా. "ఎవరు లేపారమ్మా?"

"నాకు తెలీదు, నాన్నా."

సర్జరీ తర్వాత తిరిగి మైదానంలోకి దిగింది. వెనకాల ఏ చప్పుడూ లేదు. బంతితో పరుగెడుతూ చెవులు రిక్కించేది. ఈలోగా ఎవరో బంతి లాగేసుకునేవారు. అన్నాళ్లూ దేన్నుంచి పారిపోయిందో ఇప్పుడు దాని కోసమే వెతుక్కుంటోంది. జట్టులోంచి బెంచీకి, బెంచీ నుంచి బయటికి వచ్చేసింది. శనివారాలు కొత్తవాళ్లకు నేర్పడం మొదలుపెట్టింది.

ఈ ఏప్రిల్‌లో ఉజ్వల వచ్చింది. వరంగల్ పిల్ల, ఎమ్మెస్ చదువుతోంది, స్కూల్లో ఖోఖో ఆడింది. పొద్దున్నే మంచుతో తడిసిన గడ్డి మీద నైనిక ఆమెకు బంతి ఇచ్చి ముందు పరుగెత్తించి, తానూ ఇంకో బంతితో వెనక పరుగెత్తింది. సగం మైదానం దాటాక ఉజ్వల ఒక్కసారిగా వేగం పెంచింది. అవతలి గోల్ దగ్గర ఆగి రొప్పుతూ వెనక్కి చూసింది.

"అక్కా, మీతోని ఇంకెవరు ఉరికిన్రు?"

"ఎవరూ లేరే. నేనొక్కదాన్నే."

"లే అక్కా. నా ఎనక రెండు బంతుల సప్పుడు ఇన్న."

నైనిక ఊపిరి బిగబట్టి విన్నది. దూరంగా హైవే మీద ట్రక్కుల హోరు తప్ప ఏమీ లేదు. ముందు ఈర్ష్య కలిగింది. ఆ తర్వాతే ఆ పిల్ల ముఖం ఎంత పాలిపోయిందో కనిపించింది.

"భయం వేస్తోందా?"

"అయితుంది అక్కా."

"నాకూ వేసేది. అది ఏమీ చెయ్యదు. నేను పడిపోతే లేపింది."

"నేను గూడ పడతనా?"

నైనిక ఆమె చేతిలోంచి బంతి తీసుకుంది. "ఇవాళ్టికి ఆపేద్దామా?"

ఉజ్వల తల అడ్డంగా ఊపింది. "ఒక్కసారి ఉరుకుత. మీరు రాకుండ్రి, ఈడనే ఉండి సూడుండ్రి," అంది.

బంతి తీసుకుని బయల్దేరింది. నైనిక గీత మీద నిలబడి చూసింది. ఉజ్వల కాళ్ల కింద గడ్డి అణుగుతోంది. ఆమె వెనకాల చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఎవరూ లేని చోట, మంచు చుక్కలు చిందుతూ గడ్డి మళ్లీ అణుగుతోంది.