పాతరకు ఊఁ కొట్టినవాడు

కంబదూరు చరిత్ర సంఘం వాళ్లు పెట్టిన మ్యూజియాన్ని ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. పాతసామాన్ల ఇల్లు అనేవాళ్లు. అందులో అబద్ధమేమీ లేదు. అది ఒకప్పుడు గింజల వ్యాపారం చేసిన సాహుకారు మిద్దె. వారసులు బళ్లారిలో స్థిరపడి, మిద్దె కూలకుండా చూసుకుంటే చాలని సంఘానికి అప్పగించారు. సంఘమంటే పట్టుమని పదిమంది లేరు. రిటైరైన హెడ్మాస్టరు వెంకటరాముడు సారు అధ్యక్షుడు, కదిరప్ప కార్యదర్శి. జీతం ఎవరికీ లేదు. పొలంలో దొరికిన, వీరుడి బొమ్మ చెక్కిన వీరగల్లు, బావి మోటకు కట్టిన తోలుబాన, గింజలు కొలిచే తుప్పు పట్టిన ఇనుప పడి, ఎవరింట్లో అడ్డమనుకున్నది వాళ్లు తెచ్చి ఇచ్చిపోయేవాళ్లు. కదిరప్ప దాన్ని తుడిచి, అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి పక్కన నిలబెట్టేవాడు.

వాళ్ల వంశంలో బి.ఏ. చదివినవాడు అతనొక్కడే. వారమంతా పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుని, ఆదివారం వస్తే మ్యూజియం తలుపులు తీసేవాడు. వచ్చి చూడమని తండ్రి ముత్యాలప్పను ఎన్నిసార్లు పిలిచాడో. ముత్యాలప్ప వారం వారం సంతకొచ్చేవాడు, ఆ వీధి మొగదల దాకా వచ్చేవాడు, లోపల మాత్రం అడుగు పెట్టలేదు. రాళ్లు చూడాలంటే మన చేలో తక్కువయినాయా అని నవ్వి తప్పుకునేవాడు.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి, అనంతపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరమని కదిరప్పకు ఆర్డరు వచ్చింది. సోమవారం పొద్దున చేరాలి, చేరకపోతే ఆ చోటు తరువాతివాడికి పోతుంది. వరసగా వానలు తప్పి, విత్తనానికి దాచిన శనక్కాయలు కూడా ఒలుచుకుని తిన్న ఇల్లు వాళ్లది. ఆ ఆర్డరు కాగితాన్ని తల్లి దేవుడి గూట్లో పెట్టి, దానికి కూడా కుంకుమ పెట్టింది.

రెండోది, మ్యూజియంలో పాతర బయటపడింది. నడిమింట్లో వీరగల్లు జరుపుతుంటే నేల బోలుగా మోగింది. మట్టి గీకితే గుండ్రటి బండ. బండ కింద, మనిషి భుజాలు పట్టేంత నోరు, లోపలికి పోయేకొద్దీ కడుపు పెద్దది. పూర్వం కొర్రలు, సజ్జలు పోసి మూసిపెట్టుకున్న పాతర. పొలాలన్నీ శనక్కాయ అయినాక పాతరలతో ఎవరికీ పని లేకపోయింది. వెంకటరాముడు సారు ఆనందానికి హద్దు లేదు. చుట్టూ కటకటాలు పెట్టించి చూపించాలన్నాడు. రాత్రంతా నోరు తెరిచిపెట్టి, చెడుగాలి పోయినాక తాడుకు దీపం కట్టి దించారు. దీపం ఆరలేదు. అడుగున నల్లబడిన ఊక తప్ప ఇంకేమీ లేదు.

దాని అట్టముక్క కదిరప్పే రాయాలన్నాడు సారు. నిజానికి అతనికన్నా తగినవాడు లేడు. పాతర దిగడం అతని పెద్దల వృత్తి. ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగి గింజలు గంపకెత్తుతాడు. ఆ చీకట్లో గాలి ఎప్పుడు తప్పుతుందో తెలియదు కాబట్టి, నిమిషానికోసారి "ఓ" అని కేకేస్తాడు. పైన పాతర నోటి గట్టున కూర్చున్నవాడు "ఊఁ" అంటాడు. కింద కేక ఆగితే పైవాడు గుంజుతాడు. పైన ఊఁ ఆగితే కిందవాడి గుండె ఆగుతుంది. అందుకే ఊఁ కొట్టేవాడు సొంత నెత్తురై ఉండాలి. ఒకసారి ఊఁ అన్నవాడు, ఆ చోట ఇంకో ఇంటిమనిషి కూర్చుంటే తప్ప, దిగినవాడు పైకొచ్చేదాకా గట్టు దిగకూడదు. వృత్తి పోయినా ఆ ఇంట్లో అలవాటు పోలేదు. పిల్లలకు అమ్మా నాయనా అనడం కన్నా ముందు ఊఁ అనడం నేర్పేవాళ్లు. ఎవరు పిలిచినా, నిద్రలో పిలిచినా, ఆ ఇంటివాళ్లు ఊఁ అనకుండా ఉండలేరు.

ఇదంతా పొందికగా అట్టముక్క మీద రాద్దామని ఆ ఆదివారం మిట్టమధ్యాహ్నం కదిరప్ప పాతర పక్కనే కూర్చున్నాడు. అదే అతని చివరి ఆదివారం. సాయంత్రం బస్సుకు అనంతపురం పోవాలి. ట్రంకుపెట్టె గుమ్మం పక్కనే ఉంది. బయట వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. మిద్దె పైన ఎండకు మట్టి పగిలి పిట్లుతున్న చప్పుడు.

"ఓ" అని వినిపించింది.

"ఊఁ" అన్నాడు కదిరప్ప, కలం ఎత్తకుండానే.

ఆ తర్వాత కలం ఆగిపోయింది. వీధిలోకి చూశాడు, ఎవరూ లేరు. పెరట్లో ఎవరూ లేరు. అంతలో మళ్లీ అదే కేక, నింపాదిగా, పనిలో ఉన్నవాడు వేసే కేక, పాతర నోట్లోంచి. ఈసారి అతను పెదవులు బిగించాడు. కాసేపటికి కింద ఊక కదిలింది. కేక మళ్లీ వచ్చింది, ఈసారి ఎగశ్వాసతో. ఇంకోసారి వచ్చింది, గొంతు చీలుతూ. కదిరప్ప ఉండలేకపోయాడు.

"ఊఁ."

కింద ఊపిరి కుదుటపడడం వినిపించింది. దీపం దించి చూశాడు. ఊక, నల్లటి గోడలు. మనిషి లేడు. దీపం పైకి తీసినాక కేక వచ్చింది.

ఊడవడానికి వచ్చిన చెన్నమ్మవ్వకు అతను గట్టు మీద గొంతుక్కూర్చుని, చెమటలు కారుతూ, ఉండి ఉండి ఊఁ అంటుంటే వింతగా తోచింది. "ఏమప్పా కదిరప్పా, ఎవరు కథ చెప్తాండారు నీకు?" అని నవ్వింది. అతని మొహం చూసి నవ్వు మానుకుంది. ఆమెకు ఏ కేకా వినపడలేదు. అయినా ఆ నోటి దగ్గరికి పోలేదు, గోడకు ఆనుకునే నడిచి బయటపడి సారును పిలుచుకొచ్చింది.

వెంకటరాముడు సారు మంచివాడు. ఎండదెబ్బ అన్నాడు, మజ్జిగ తెప్పించాడు. కేకలేవీ ఆయనకూ వినపడలేదు. కదిరప్ప వివరమంతా చెప్పి, సార్, నా బదులు మీరు కూర్చోండి, నేను బస్సుకు పోవాల అని బతిమాలితే, సరే, నీ తృప్తి కోసం అని పంచె పైకి కట్టి వంగి, క్లాసులో హాజరు పలికినట్టు గట్టిగా ఊఁ అన్నాడు. కదిరప్ప చెవులకు మాత్రం కింద కేక బెదిరిపోయి గోడకు గోడకు కొట్టుకుంది. పరాయి గొంతు అది. అతను మళ్లీ ఊఁ అనేదాకా ఆ కొట్టుకోవడం ఆగలేదు. సారు కళ్లజోడు తుడుచుకుని, బండ మూసేద్దామా అని మెల్లగా అడిగాడు. కదిరప్ప ఆయన వైపు చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ముత్యాలప్పను పిలుచుకురమ్మని సైకిలిచ్చి మనిషిని పంపాడు.

పొద్దు వాలుతుండగా ముత్యాలప్ప వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు. ఇన్నేళ్లుగా పిలిచినా రానివాడు, నడిమిల్లు ఎటు అని కూడా అడక్కుండా తిన్నగా నడిచొచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. కేక వచ్చింది. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒక్కసారే ఊఁ అన్నారు.

"నీకూ వినపడతాండాదా నాయనా?"

"వీధి మొగన నిలబడితేనే వినపడతాది నాకు. అందుకే లోపలికి రాల్యా."

అప్పుడు చెప్పాడు ముత్యాలప్ప, కేకకూ కేకకూ నడుమ. తన తాతకు రంగన్న అని తమ్ముడు. పెద్ద కరువులో సాహుకారు ఈ పాతర తీయించాడు. రంగన్న దిగాడు, అన్న గట్టున కూర్చున్నాడు. గింజల వాసన తగిలి ఊరంతా వచ్చి మీదపడింది. ఆ తొక్కిడిలో అన్నను వీధిలోకి ఈడ్చేశారు. గొడవ సద్దుమణిగి తాడు పట్టుకుని వచ్చేసరికి పాతరలో గింజా లేదు, మనిషీ లేడు. గింజలు మూటగట్టుకుని పారిపోయాడని సాహుకారు చాటించాడు. గింజల దొంగలని ఆ ఇంటికి పేరు పడింది. రంగన్న పెండ్లాం బిడ్డలు ఆకలికి ఆ ఏడే పోయారు. అన్న మాత్రం చచ్చేదాకా, మా రంగడు యాడికీ పోల్యా, గింజలు లేకుండా పైకి రాలేక ఆడే ఉండాడు అంటూ ఉండేవాడట.

దూరంగా బస్టాండు వైపు నుంచి హారను వినిపించింది. అనంతపురం బస్సు వచ్చి నిలిచింది. అది కాసేపు ఆగుతుంది, అంతే.

ముత్యాలప్ప తలగుడ్డ తీసి పక్కన పెట్టుకున్నాడు. ఉండిపోయే మనిషి చేసే పని అది. తన మోకాలు కొడుకు మోకాలికి ఆనించాడు. ఊఁ కొట్టే పని చేతులు మారేటప్పుడు అలాగే ఆనించేవాళ్లు.

"నువ్వు పోరా కదిరా. నేను కొడతా ఊఁ."

"ఎన్నాళ్లు కొడతావు?"

"నా గొంతున్నన్నాళ్లు. నాకేం పనుండాది? చేలో పంటుండాదా?"

కదిరప్ప లేవలేదు. తండ్రి మోకాలు ఎండుకట్టెలా గుచ్చుకుంటోంది. ఈ చీకటింట్లో, ఈ గుంత ముందు ముసలాయన ఒక్కడే కూర్చుని ఊఁ అంటూ ఉంటే, తను అనంతపురంలో జీతం తీసుకుని ఏ ముద్ద నోట్లో పెట్టుకోగలడు? కింద ఊక కదిలిన చప్పుడైంది. చేత్తో దేవుతున్న చప్పుడు. ఏమీ లేనిచోట ఎవరో గింజలు ఎత్తుతున్నారు.

అతను మ్యూజియం తోలుబానకు కట్టిన మోటతాడు విప్పుకొచ్చాడు. కొస ఉరిముడి వేసి పాతరలోకి దించాడు. అడుగు తగిలినాక వంగి, నోటిలోకి మొహం పెట్టి మాట్లాడాడు. సారు, చెన్నమ్మవ్వ గడప దగ్గరే నిలబడి చూశారు.

"చిన్నతాతా, గింజలు వద్దు. ఇంట్లో గింజలుంటాయి. నాకు ఉద్యోగమొచ్చింది. నువ్వు రా."

కింద దేవడం ఆగింది. కేక రాలేదు. మిద్దెలో మట్టి పిట్లే చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు, చెవిలో చెప్పినంత దగ్గరగా ఒక మాట వచ్చింది.

"గుంజు."

ఈ మాట వెంకటరాముడు సారుకు కూడా వినిపించింది. ఆయన గడప పట్టుకుని కూర్చుండిపోయాడు.

తండ్రీ కొడుకులు గుంజారు. తాడు బరువుగా వచ్చింది. బరువంటే పెద్ద బరువు కాదు, కరువులో మనిషి బరువు. పాతర నోటి దగ్గర తాడు ఒకసారి నిలిచింది, అంచున ఎవరో చేయి ఊనినట్టు మట్టి పెళ్లలు రాలాయి. అంతటితో బరువు తీరిపోయి ఇద్దరూ వెనక్కి పడ్డారు. ఉరిముడి ఖాళీగా ఉంది. ముత్యాలప్ప దాన్ని చేత్తో పట్టి చూశాడు. ఆ ముడి చెమటకు తడిసి, ఒంటి వేడితో ఉంది. ఆయన దాన్ని కళ్లకద్దుకోలేదు, పారెయ్యలేదు. మెల్లగా చుట్టచుట్టి తోలుబాన పక్కన పెట్టాడు.

పాతర పలకలేదు. బండ మూశారు.

అట్టముక్క సగంలోనే ఆగిపోయింది, తరువాత రాయొచ్చన్నాడు సారు. చెన్నమ్మవ్వ అందరికన్నా ముందు వీధిలోకి పోయింది. సారు, ముత్యాలప్ప గడప దిగారు. బస్సు రెండో హారను కొట్టింది. కదిరప్ప ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని, చివరగా బయటికొచ్చి తలుపులు దగ్గరికి లాగాడు. నాలుగేళ్లుగా వారం వారం తానే తాళం వేసిన తలుపు. వేసే ముందు ఎప్పుడూ అనే మాటే నోటికొచ్చింది.

"పోయొస్తా."

లోపల చీకట్లోంచి, నేల కింద నుంచి కాదు, మనిషి ఎత్తునుంచి, నింపాదిగా జవాబు వచ్చింది.

"ఊఁ."

కదిరప్ప చేతిలో తాళం కప్ప అలాగే ఉండిపోయింది. ముత్యాలప్ప దాన్ని తీసుకుని తానే వేశాడు. కొడుకు వీపు మీద చేయి వేసి వీధిలోకి నెట్టాడు.

"నిలబడద్దు. గట్టున మనిషుండాడు. పో."