వంటగదిలో పిల్లనగ్రోవి

ఫ్యాక్టరీ కాంటీన్‌లో ముప్పై ఏళ్ళపాటు రోజుకు నాలుగు వందల మందికి వండి పెట్టి రిటైరైన ఆవిడను ఇంటా బయటా అందరూ కాంటీనమ్మ అనే పిలిచేవారు. బాయిలర్ల రొద, సూపర్‌వైజర్ కేకల మధ్య వండినన్నాళ్ళూ నీ మనసెలా ఉందని ఆమెను అడిగిన నాథుడు లేడు. కూరెలా ఉందనే చూశారు. అదే న్యాయమని ఆమె అభిప్రాయం.

అలాంటి మనిషి వంటగదిలోకి ఆడపడుచు గుప్పెడంత స్పీకర్ పట్టుకుని దిగింది. ప్రశాంత వంట అని ఏవో క్లాసులకు వెళ్తోందట. స్పీకర్‌ను పొయ్యి పక్కనే పెట్టింది. పిల్లనగ్రోవి, వెనకాల సెలయేరు, మధ్యమధ్య ఏదో పిట్ట. మనసు నెమ్మదిస్తే చేతికి రుచి వస్తుందని గురువుగారు చెప్పారట. ఆ గురువుగారు ఎన్నడైనా గరిటె పట్టాడా అని కాంటీనమ్మ అడిగింది. ఆయన పాటలు ఎంపిక చేస్తారు, వంట వాళ్ళావిడ చేస్తుందని జవాబొచ్చింది. ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

ఆ రోజే ఉల్లిపాయలు మాడాయి. కాంటీనమ్మ చెవితో వండే మనిషి. నీరు ఇంకగానే నూనెలో చప్పుడు మారుతుంది. అది విని కలుపుతుంది. ఆ రోజు సెలయేరు తప్ప ఏమీ వినపడలేదు.

"నీలో కోపం ఉంది వదినా. అది కూరకెక్కింది," అంది ఆడపడుచు జాలిగా. కాంటీనమ్మ భర్త అవునన్నట్టు తలాడించాడు. ఆయన తల దేనికైనా ఆడుతుంది కనుక ఆవిడ లెక్కచేయలేదు.

ఆదివారం గురువుగారిని భోజనానికి పిలిచింది ఆడపడుచు. అయితే నువ్వే వండు, నా కోపం ఆయనకెందుకు అని కాంటీనమ్మ వెళ్ళి హాల్లో కూర్చుంది. ఎదురుగా గురువుగారు కళ్ళు మూసుకుని, వంటగదిలోంచి వచ్చే సంగీతానికి వేళ్ళు కదుపుతున్నాడు. కాసేపటికి ఆవిడ ముక్కుకు గ్యాస్ వాసన తగిలింది. ఒక్క అంగలో వంటగదిలో ఉంది. అన్నం పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ బుసకొడుతోంది. ఆడపడుచు క్లాసులో నేర్పినట్టు, జలుబు చేసిన ముక్కుతో గాలి పీల్చి వదులుతోంది. రెండో పొయ్యి వెలిగించే లైటర్ ఆమె చేతిలోనే ఉంది.

కాంటీనమ్మ లైటర్ లాక్కుని, గ్యాస్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచి, స్పీకర్ నోరు మూయించింది. హాల్లో గురువుగారి వేళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆడపడుచు కిందికి జారగిలబడి ఏడ్చింది. "మా ఆయన నాతో మాట్లాడి ఏడాదైంది వదినా. మా ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేకే ఇది పెట్టుకున్నా."

కాంటీనమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. దెప్పడానికి హాల్లో ఇంకో మనిషి ఉన్నాడు కదా. గ్యాస్ వాసన పూర్తిగా పోయాక, "ఇలా రా. ఉల్లిపాయలు వెయ్యి. చెవి పెట్టి విను," అంది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి విన్నారు. చప్పుడు మారగానే ఆడపడుచే గరిటె అందుకుంది.

గురువుగారు మూడుసార్లు వడ్డించుకున్నాడు. "చూశారా, సంగీతం ప్రతి ముద్దలోనూ దిగింది," అన్నాడు. భర్త తలాడించాడు.

"పాట ఆగి గంట దాటిందండీ," అంది ఆడపడుచు.

ఆయన తడబడలేదు. దాని ప్రభావం అంతసేపూ నిలిచే ఉంటుందని చెప్పి, మరికాస్త కూర కోసం చేయి చాపాడు. కాంటీనమ్మ అన్నంలో రాయిని చూసినట్టు ఆయన్ని చూసింది. గిన్నెను ఆయనకు అందనంత దూరం జరిపి, మిగిలిందంతా ఆడపడుచు కంచంలో వడ్డించింది.