నడిమి గీత

నాన్న పోయిన పదకొండో రోజున గీతలమ్మ గాజుపలకను ఇటు కొస అటు పెట్టి బిగించింది.

ప్రయోగశాలలో ఆమెకు ఆ పేరు పెట్టింది పెద్ద మాస్టారు. లేజర్‌తో గాజులోపల వెంట్రుకకన్నా సన్నని గీతలు గీయడం ఆమె పని. ఈ పలకలో పక్కపక్కనే మూడు గీతలు. మొదటిదాంట్లో వెలుగు పంపితే మూడోదాంట్లో తేలాలి, నడిమిది మాత్రం చీకటిగానే ఉండాలి. పరమాణువుల లోకంలో జరిగే వింతకు ఇది కంటికి కనబడే నమూనా. కిటుకంతా వరసలోనే ఉంది. వెలుగు సాగే దారిలో ముందు రెండోదీ మూడోదీ దగ్గర కావాలి, ఆ తర్వాతే మొదటిది రెండోదాని పక్కకు రావాలి. అంటే వెనక జరగాల్సింది ముందు జరగాలన్నమాట!

తెరమీద నడిమి గీత భగ్గున వెలిగింది.

"పలక తిరగబడింది, చూసుకోలేదా తల్లీ?" అన్నాడు మాస్టారు. "పోనీ, ఇంటికెళ్ళు."

"ఇంట్లో ఏముంది మాస్టారూ!"

ఆమెకు ఇంతవరకు ఏడుపు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. నాన్నా తమ్ముడూ తొమ్మిదేళ్ళుగా ఉప్పూ నిప్పూ. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసింది ఆమే. చనిపోయిన రోజు పొద్దున నాన్న ఫోన్ చేసి, "వాడితో చెప్పమ్మా, తప్పు నాదే" అన్నాడు. కొలతల మధ్యలో ఉంది, సాయంత్రం చెబుదాంలే అనుకుంది. సాయంత్రానికి నాన్నే లేడు. తండ్రి కోపంతోనే పోయాడని తమ్ముడు కుమిలిపోతున్నాడనుకుంది. అయినా తన ఆలస్యం బయటపడుతుందని నోరు విప్పలేదు.

పలక సరిచేసింది. నడిమి గీత ఆరింది, మూడోది వెలిగింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆమెకు ఏమీ అనిపించలేదు. ఇంకెన్నాళ్ళు కడుపులో దాచుకోవడం అనుకుని, వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరే, ఆ రోజే చెప్పాల్సిన మాట. నాన్న తప్పు తనదేనన్నార్రా. పనిలో పడి నేనే నీకు చెప్పలేదు."



"తెలుసక్కా. ఆ మధ్యాహ్నం నాన్నే నాకు ఫోన్ చేశారు. గంటసేపు మాట్లాడుకున్నాం. నవ్వారు కూడా."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"అప్పుడే చెప్పొద్దన్నారు. మర్నాడు ఇద్దరం కలిసొచ్చి నీ ముందు నిలబడదామన్నారు. ఆ తర్వాత... ఎలా చెప్పనక్కా?"

ఆమెకు గుండె తేలికపడాలి. పడలేదు. తను లేకపోతే ఆ ఇద్దరి మధ్యా మాట నడవదని తొమ్మిదేళ్ళు అనుకుంది. గంటసేపు నడిచింది, తను లేకుండానే. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పదకొండు రోజుల్లో ఆమెకు నొప్పి తెలియడం అదే మొదలు.

"దేనికి నవ్వార్రా?" అంది. "మొత్తం చెప్పు. ఒక్క మాటా వదలకు."